బొట్టు నిలవని పిస్టల్

మా ఇంట్లో దసరాకి తుపాకులకి బొట్టు పెట్టేవాళ్ళం. ఈ మాట అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కొందరు నేను కోతలు కోస్తున్నాననుకుంటారు. కోతలు కాదు. ఆర్కాన్సాలో, బెంటన్‌విల్‌కి కాస్త దూరంలో, డెబ్భైల చివర మేం ఇల్లు కొన్న వీధిలో తుపాకీ లేని ఇల్లు మాదొక్కటే. అదీ ఎక్కువ కాలం కాదు.

ఎదురింట్లో రిటైరైన పళ్ళ డాక్టరు ఒకరు ఉండేవారు. భార్య పోయారు, పిల్లలు దూరాన ఉన్నారు. ఆయన హాల్లో గోడ పొడవునా అద్దాల బీరువా, అందులో పాత జంట గొట్టాల తుపాకులు. వాటితో ఆయన వేటకి వెళ్ళడం ఎప్పుడో మానేశారు. తీసి తుడుచుకోవడం, మళ్ళీ పెట్టుకోవడం, అంతే. ఎవరైనా చూడటానికి వస్తే ఒకదాన్ని తీసి ముందు మధ్యకి మడిచి తెరిచేవారు. గొట్టాలు రెండూ కిటికీ వైపు ఎత్తి తను ఒకసారి చూసేవారు. తర్వాత అవతలి మనిషికి చూపించి, ఆయన కూడా చూశాకే చేతికిచ్చేవారు. అటునుంచి ఇటు వెలుతురు కనిపించాలి. కనిపించకపోతే లోపల ఏదో ఉన్నట్టు. జీవితమంతా జనం నోళ్ళలోకి చూసిన మనిషి కదా, గొట్టంలోకి కూడా అలాగే చూస్తారని మా ఆయన నవ్వేవాడు.

మా ఆయన పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజనీరు. ఆ ఉక్కూ ఆ చెక్కా అతుక్కున్న చోట వేలితో తడిమి, "వెంట్రుక దూరే సందు లేదు చూడు" అని నాకు చూపించేవాడు. నేను చీర జరీ చూసినట్టు ఆయన ఆ వాల్‌నట్ చెక్కలో చారలు చూసేవాడు. ఏడాది తిరక్కుండా డాక్టరుగారి సలహాతో బెల్జియం తుపాకీ ఒకటి కొనుక్కొచ్చాడు. పక్కన కుక్కనీ పిట్టల్నీ చెక్కిన పాతకాలపు సరుకు.

నాకు గుండెల్లో రాయి పడింది. మా వైపు తుపాకీ అంటే బ్యాంకు గుమ్మంలో స్టూలు మీద కునికే జవాను దగ్గర చూడటమే. అలాంటిది నా ఇంట్లో, నేను బియ్యం డబ్బా పెట్టుకునే గదికి పక్క గదిలో! అప్పటికి నాకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డ ఇంట్లో ఇదేం పాడు వస్తువండీ అని ఏడ్చాను. తూటాలు ఇంట్లోనే ఉండవని, అవి డాక్టరుగారి గరాజ్‌లో ఉంటాయని, ఇది అలంకారమని ఆయన నచ్చజెప్పాడు. నిజమే చెప్పాడు. అయినా చాలాకాలం ఆ గదిలోకి వెళ్ళాలంటే నా కాళ్ళు సాగేవి కావు.

ఆ భయానికి మందు దసరా రోజున దొరికింది. ఆయుధపూజకి మేం ఆ ఊళ్ళో ఏం పెట్టేవాళ్ళం? కారు తాళాలు, కుట్టుమిషను, కత్తిపీట, ఆయన కాలిక్యులేటరు. ఆ ఏడు మా ఆయన ఆ తుపాకీ కూడా తెచ్చి అమ్మవారి పటం ముందు పెట్టాడు. ఇన్నాళ్ళకి మన పూజలో నిజం ఆయుధం చేరిందన్నాడు. నేను కళ్ళు సగం మూసుకుని దాని చెక్క మీద గంధం పెట్టి, కుంకుమ అద్దాను. తడి గంధం ఉక్కుకి తగిలితే తుప్పు పడుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి చెక్క మీద మాత్రమే. బొట్టు పెట్టాక చిత్రంగా దాని మీద నా భయం కాస్త దిగింది. బొట్టు పెట్టిన వస్తువు మనల్ని ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఏం బుద్ధో!

అప్పటినుంచి ప్రతి ఏడూ అదే తంతు. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. తుల్సా నుంచీ ఫాయెట్‌విల్ నుంచీ మన తెలుగు కుటుంబాలు దసరా తర్వాత వచ్చే శనివారం మా ఇంటికి డ్రైవ్ చేసుకుని వచ్చేవాళ్ళు. డాక్టరుగారినీ పిలిచేవాళ్ళం. ఆయన పులిహోర తింటూ కారానికి కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ వడ్డించమనేవారు. మా అమ్మాయి కాస్త పెద్దదయ్యాక బొట్లు పెట్టే పని దానిదయింది. వరసగా కూర్చుని అన్నిటికీ పెట్టేది. ఖాళీ గొట్టాలు. కిటికీ వైపు ఎత్తి చూసిన గొట్టాలు. మాకేం బెంగ?

ఏడాదికి రెండుసార్లు ఆ చుట్టుపక్కల సంత మైదానం షెడ్డులో తుపాకుల ప్రదర్శన జరిగేది. మొదట్లో మేం ముగ్గురం డాక్టరుగారితో కలిసి వెళ్ళేవాళ్ళం. ముసలాళ్ళే ఎక్కువ. బల్లల మీద మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద ఒక్కో తుపాకీ. వాళ్ళ మాటలన్నీ ఏ ఊళ్ళో చేశారు, ఏ చెక్క, ఎవరు చెక్కారు, వీటి మీదే. తమ తుపాకీ ఎక్కడ అమ్ముడుపోతుందోనని దిగులు పడే అమ్మకందారులని అక్కడే చూశాను. నూనె వాసన, పాప్‌కార్న్ వాసన. మా అమ్మాయి నా ఒళ్ళో నిద్రపోయేది.

ఎనభైలు సగానికి వచ్చేసరికి ఆ షెడ్డు మారిపోయింది. గుమ్మంలోనే నల్లటివి కనిపించేవి. చెక్క లేదు, చెక్కడం లేదు, అంతా అల్యూమినియం, ప్లాస్టిక్, కింద తూటాలు పట్టే వంకర పెట్టె ఒకటి వేలాడుతూ. సిపాయిల దగ్గర ఉండే వాటిలా ఉంటే చాలు, అందరూ వాటి చుట్టే. ఆకుల రంగు ప్యాంట్లు వేసుకున్న కుర్రవాళ్ళు గుంపులు. పక్క బల్లల మీద విషవాయువు సోకకుండా ముఖానికి తొడుక్కునే మాస్కులు, ఏళ్ళ తరబడి పాడవని ఎండు తిండి డబ్బాలు. ఏదో వస్తుందట, పట్నాలు తగలబడతాయట, అందరూ మన ఇళ్ళ మీద పడతారట. ఏం వస్తుందో ఎవరూ చెప్పరు, వస్తుందని మాత్రం అందరికీ రూఢిగా తెలుసు. వాళ్ళు మా వైపు చూసే చూపు కూడా నాకు నచ్చేది కాదు. ఆ పడబోయేవాళ్ళలో నా బొట్టూ చీరా కూడా లెక్కేనా అనుకునేదాన్ని. డాక్టరుగారి లాంటివాళ్ళ బల్లలు వెనక్కి, వెనక్కి జరిగి బాత్‌రూమ్ పక్కకి చేరాయి. ఒకసారి ఆయన తన మంచి తుపాకులు పెట్టుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చుంటే పలకరించిన పాపాన పోలేదు ఎవరూ. ఒక కుర్రాడు మాత్రం వచ్చి, టాయిలెట్ ఎటని అడిగి వెళ్ళాడట. ఆయన నవ్వుతూనే చెప్పారు గానీ మళ్ళీ ఆ షెడ్డుకి వెళ్ళలేదు.

మా ఆయన మాత్రం వెళ్ళాడు. ఇంటికొచ్చే పత్రికలు కూడా మారాయి. ముందు అట్ట మీద శరత్కాలపు అడవీ వేటకుక్కా ఉండేవి. ఇప్పుడు ముఖానికి మసి పూసుకున్న మగాళ్ళు. ఒకరోజు నేను ఉద్యోగం నుంచి వచ్చి చూస్తే మా ఇంటి అద్దాల బీరువాలో బెల్జియం తుపాకీ లేదు. దాన్నీ ఇంకోదాన్నీ ఇచ్చేసి, ఒక నల్ల రైఫిలూ, ఒక ప్లాస్టిక్ పిడి పిస్టలూ మార్చుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నవ్వండి, నేను భయపడ్డ తుపాకీ కోసం నేనే ఏడ్చాను. డాక్టరుగారు వచ్చి పిస్టల్ని చేతిలో తిప్పి చూశారు. పనితనం గొప్పదే అన్నారు. కానీ దీని లోపల ఏముందో పైకి కనపడదు, దీనితో అలవాట్లు మార్చుకో అని మా ఆయనకి రెండుసార్లు చెప్పారు. మా ఆయన సరే సరే అన్నాడు. ముసలాయనకి కొత్తవంటే పడదని తర్వాత నాతో అన్నాడు.

ఆ వేసవిలోనే మా వెనక వీధిలో పట్టపగలు ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. ఆ ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు, టీవీ పోయింది. అంతే జరిగింది. మా ఆయనకి మాత్రం ఆ షెడ్డులో విన్న కబుర్లన్నీ మా గుమ్మందాకా వచ్చేసినట్టే అనిపించింది. తూటాలు డాక్టరుగారి గరాజ్ నుంచి మా ఇంటికి వచ్చేశాయి. పిస్టల్ నింపి మా పడకగదిలో, మంచం పక్క సొరుగులో పెట్టాడు.

పోట్లాడాను. మామూలుగా కాదు, గొంతు పోయేలా పోట్లాడాను. పిల్ల తిరిగే ఇంట్లో ఏం పోయేకాలమండీ ఇది, తాళం వేసి పెట్టండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. తాళం వేసిన తుపాకీ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే అన్నాడు. అమ్మాయికి చెప్పాను, ముట్టుకోనని ప్రామిస్ చేసిందన్నాడు. అది మంచి పిల్ల, చెప్పిన మాట వింటుంది అన్నాడు. అవును, వింటుంది. చెప్పిన ప్రతి మాటా వింటుంది, అదే నా భయం. రాత్రుళ్ళు ఆ సొరుగుకి వీపు పెట్టి పడుకోలేకపోయేదాన్ని, ముఖం పెట్టీ పడుకోలేకపోయేదాన్ని.

అప్పటికి మా అమ్మాయి మూడో క్లాసు. స్కూల్ బస్సు దిగి మెళ్ళో వేసుకున్న తాళంచెవితో తలుపు తీసుకుని ఇంట్లో ఉండేది. నాకు హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం, అయిదు దాటాకే ఇల్లు చేరేదాన్ని. ఆ రోజుల్లో ఆ వీధిలో సగం మంది పిల్లలు అలాగే పెరిగారు. ల్యాబ్‌లో మూడున్నర అయ్యేసరికి, అది ఇల్లు చేరే వేళయిందని గడియారం చూసుకునేదాన్ని. ఇంటికి ఫోన్ చేసేదాన్ని. అది ఎత్తి "హలో" అంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఏం చేస్తున్నావమ్మా అంటే టీవీ చూస్తున్నాననేది. ముక్తసరిగా మాట్లాడేది. ఇదివరకు సైకిలేసుకుని వీధంతా తిరిగే పిల్ల, ఇల్లు కదలడం మానేసింది. పక్కింటి పిల్లలు వచ్చి పిలిచినా తలుపు తీయడం లేదని వాళ్ళమ్మ చెప్పింది.

దీనికంతటికీ భోజనాల బల్ల దగ్గర జరిగే పాఠాలే కారణమని నాకు తెలుసు. మా ఆయన అన్నం కలుపుకుంటూ ఎవరైనా ఇంట్లో చొరబడితే ఏం చేయాలో నాకు చెప్పేవాడు. ఎక్కడ నిలబడాలి, ఎటు గురిపెట్టాలి, ఆలోచిస్తూ కూర్చుంటే ఏమవుతుంది. షెడ్డులో కుర్రాళ్ళ దగ్గర నేర్చుకున్న పాఠాలే. పిల్ల ముందు వద్దండీ అంటే, తనకి మాత్రం తెలియొద్దా అనేవాడు. అది గ్లాసులో పాలు అలాగే పెట్టుకుని కళ్ళార్పకుండా వినేది.

ఆ ఏడు దసరా శనివారం ఎప్పటిలాగే అందరూ వచ్చారు. హాల్లో పీట వేసి, పటం పెట్టి, దాని ముందు అన్నీ సర్దాను. మా ఆయన మిగిలిన పాత తుపాకులు రెండూ, నల్ల రైఫిలూ తెచ్చి పెట్టాడు. పిస్టల్ కూడా తెచ్చి సరిగ్గా మధ్యలో పెట్టాడు. అది పూజలో వద్దన్నాను. అందరి ముందూ పిడిలోంచి తూటాల పెట్టె లాగి నాకు చూపించి, జేబులో వేసుకుని, ఖాళీ చేశాను సరేనా అన్నాడు. వచ్చినవాళ్ళ ముందు నేనేం అనగలను? నాకు తుపాకుల సంగతి తెలిసింది అంతే. పెట్టె తీసేస్తే ఖాళీ.

మా అమ్మాయి పట్టుపరికిణీ కట్టుకుని గంధం గిన్నె, కుంకుమ పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా చాప మీద పిల్లలంతా ప్రసాదం కోసం చూస్తున్నారు. కుట్టుమిషనుకి పెట్టింది, తాళాలకి పెట్టింది, పాత తుపాకుల చెక్కకి పెట్టింది. పిస్టల్ దగ్గర ఆగింది. ఆ నల్ల ప్లాస్టిక్ మీద గంధం జారిపోయింది, కుంకుమ రాలిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ రాలింది. అప్పుడు వీలుగా ఉంటుందని పిస్టల్ని చేతిలోకి తీసుకుని ఎత్తింది.

అది ఎత్తిన తీరు నాకు వింతగా అనిపించింది. కొత్త వస్తువుని పట్టుకున్నట్టు లేదు. గరిటె పట్టుకున్నంత అలవాటుగా పట్టుకుంది. గొట్టం చాప మీద పిల్లల వైపు ఉంది. బొట్టు అద్దడానికి పిడి బిగించి పట్టుకుంటుంటే దాని వేలు ట్రిగ్గర్ ఉండే సందులోకి వెళ్ళింది. ఖాళీయే కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న డాక్టరుగారు లేచారు. ఆయన మోకాళ్ళ నొప్పులతో అంత త్వరగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. అరవలేదు. మా అమ్మాయి పక్కన కూలబడినట్టు కూర్చుని, దాని మణికట్టు పట్టుకుని గొట్టం నేలకి దించారు. నాకు ఒకసారి ఇస్తావా బంగారం, దీన్ని మనం ఇంకా తెరిచి చూడలేదు అన్నారు. అది ఇచ్చేసింది. ఆయన పిస్టల్‌ని నేలకే ఉంచి పైభాగాన్ని వెనక్కి లాగారు.

లోపలినుంచి తూటా ఒకటి ఎగిరి కుంకుమ పళ్ళెంలో పడింది.

పెట్టె తీసేసినా గొట్టంలో ముందే ఎక్కిన తూటా అక్కడే ఉండిపోతుందట. మడిచి తెరిస్తే అటునుంచి ఇటు కనిపించే తుపాకులతో ఇన్నేళ్ళు గడిపిన మా ఆయనకి అది తట్టలేదు. చాప మీద పిల్లల్ని వాళ్ళ తల్లులు ఒక్కొక్కరే వెనక్కి లాక్కున్నారు. మా ఆయన జేబులోంచి ఆ పెట్టె తీసి చూస్తున్నాడు, మళ్ళీ పళ్ళెంలోకి చూస్తున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నేను పిల్లని రెక్క పట్టుకుని బాత్‌రూమ్‌కి లాక్కెళ్ళాను. కొట్టడానికో కావలించుకోవడానికో నాకే తెలియదు. కుళాయి తిప్పి ఆ రెండు చేతులూ నీళ్ళ కింద పెట్టాను. కుంకుమంతా ఎర్రగా కారుతోంది. అది చూడలేక కళ్ళు మూసుకున్నాను. నన్ను చూసి పిల్ల బెదిరిపోయింది.

"ఇవాళ బుల్లెట్స్ ఉండవనుకున్నా అమ్మా," అంది. "డాడీ తీసేశా అన్నాడు కదా. మిగతా రోజులు ఉంటాయి, నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

ప్రామిస్ తప్పానని తిడతానేమోనని నా ముఖం వైపు చూసింది.

"స్కూల్ నుంచి వచ్చాక భయం వేస్తుంది. అప్పుడు డ్రాయర్‌లోంచి తీసుకుంటా. సోఫాలో కూర్చుని డోర్ వైపు పెట్టుకుంటా. నువ్వు రాగానే కుషన్ కింద దాచేస్తా, తర్వాత మళ్ళీ పెట్టేస్తా."

నేను ఫోన్ చేసినప్పుడు "హలో" అన్నది ఒక చేత్తో ఫోన్ పట్టుకుని. రెండో చేతిలో ఏముందో నాకిప్పుడు తెలిసింది. సాయంత్రం నేను రావడం, సంచీలు చంకన పెట్టుకుని తాళం తిప్పడం, తలుపు నెట్టుకుని లోపలికి అడుగు పెట్టడం. సింకు అంచు పట్టుకుని నిలబడ్డాను.

మా ఆయన ఎప్పుడు వచ్చాడో వెనక గుమ్మంలో ఉన్నాడు. అంతా విన్నాడు. పిల్ల ఆయన్ని చూడగానే ఏడుపు మొదలెట్టింది. తప్పు చేశానని ఏడుపు. నీళ్ళు కారుతున్న చేతులు రెండూ పరికిణీకి తుడుచుకుని తండ్రి ముందు నిలబడింది.

"సారీ డాడీ," అంది. "డోర్ ఓపెన్ అయితే ముందు షూట్ చేయాలి, ఎవరో అని చూస్తూ ఉండకూడదు అన్నావు కదా. నేను రోజూ ముందు చూశా."